మినీ కారు రూపశిల్పి ఇసిగోనిస్

వేగంగా పరుగెత్తే చిన్న కార్ల చరిత్రను ఎవరు రాసినా మొదటి పుటలో కనిపించే పేరు సర్ అలెక్ ఇసిగోనిస్. విచిత్రమేమంటే, వేగం ఆయన ధ్యేయం కాదు. నలుగురు మనుషులు, వారి సామాను తక్కువ చోటులో సుఖంగా ఇమడాలన్నదే ఆయన పట్టుదల.

ఆయన 1906 నవంబరు 18న, నాటి ఒట్టోమన్ సామ్రాజ్యంలోని స్మిర్నా రేవుపట్టణంలో జన్మించారు. నేటి టర్కీలోని ఇజ్మీర్ నగరమే అది. తండ్రి గ్రీకు, తల్లి జర్మన్, పౌరసత్వం బ్రిటిష్, పాలన తురుష్కులది. ఇంట ఒక భాష, వీధిలో మరొక భాషగా పెరగడం సరిహద్దు జిల్లాల వారికి చెప్పి తెలియజేయవలసిన సంగతి కాదు. తండ్రికి ఓడల యంత్రాలు తయారుచేసే కర్మాగారం ఉండేది. గ్రీకు, టర్కీ యుద్ధం ముగింపుకు వచ్చిన 1922 సెప్టెంబరులో ఆ కుటుంబం సర్వస్వాన్నీ విడిచి బ్రిటిష్ నౌకలో మాల్టాకు చేరింది. కొద్దికాలానికే తండ్రి అక్కడ కన్నుమూశారు. తల్లీ కొడుకులు లండన్ చేరి కొత్త జీవితం మొదలుపెట్టారు.

బాటర్సీ పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగు చదువుతూ ఆయన గణితంలో మూడుసార్లు తప్పారు. లెక్కలలో వెనుకబడిన విద్యార్థిని ఎందుకూ కొరగాడని తేల్చివేసే ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన బలమంతా చేతిగీతలో ఉంది. కాగితంపై చకచకా గీసిన బొమ్మలనుంచే ఆయన కార్లు పుట్టాయి.

1936లో మోరిస్ సంస్థలో చేరి, యుద్ధానంతరం మోరిస్ మైనర్‌ను రూపొందించారు. 1948లో విడుదలకు ముందు, వెడల్పు చాలలేదని తోచి నమూనా కారును నిలువునా రెండుగా కోయించి, నాలుగు అంగుళాలు ఎడం చేయించి చూశారు. ఆ కొలతే ఖాయమైంది. పది లక్షలు అమ్ముడైన తొలి బ్రిటిష్ కారు అదే.

1956లో సూయజ్ సంక్షోభం వచ్చి బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను విధించారు. అప్పటికి మోరిస్ విలీనమై ఉన్న బి.ఎం.సి. అధిపతి లెనార్డ్ లార్డ్ 1957లో చిన్న కారు కావాలన్నారు. ఇసిగోనిస్ 848 సీసీల ఇంజినును అడ్డంగా తిప్పి, గేరుబాక్సును దాని కిందనే, ఇంజిన్ ఆయిలు ఉండే తొట్టిలో అమర్చి, శక్తిని ముందు చక్రాలకు అందించారు. చక్రాలు పది అంగుళాలవే. స్ప్రింగుల స్థానంలో అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు శంకువులు వచ్చాయి. పది అడుగుల పొడవులో దాదాపు ఎనభై శాతం మనుషులకు, సామానుకు దక్కింది. 1959 ఆగస్టు 26న మినీ వెలువడింది. తొలి కార్లలోకి వాననీరు కారేది, ధర మరీ తక్కువగా పెట్టినందున సంస్థకు లాభమూ అంతంతమాత్రమే.

చక్రాలు నాలుగు మూలలకూ జరిగి, బరువు తగ్గడంతో ఆ బండి మలుపులలో నేలను పట్టుకొని నడిచేది. పందెపు కార్ల నిర్మాత జాన్ కూపర్ దీనిని వెంటనే గుర్తించారు. ఆయన ఇసిగోనిస్‌కు మిత్రుడే. అయినా సామాన్యుల బండిని పందెపు బండిగా మార్చాలన్న ఆలోచన ఇసిగోనిస్‌కు రుచించలేదు. కూపర్ పైఅధికారి జార్జ్ హారిమన్‌ను ఒప్పించారు. 1961లో 997 సీసీల మినీ కూపర్ వచ్చింది. కారుకు రెండు పౌండ్ల చొప్పున కూపర్‌కు ముట్టేది. 1964, 1965, 1967లలో మాంటీకార్లో ర్యాలీ మినీదే. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలే గెలిచినా, హెడ్‌లైట్ల నిబంధన పేరిట వాటిని అనర్హం చేశారు. ఆ తీర్పు న్యాయమని నేటికీ ఎక్కువమంది అనరు.

అయితే మినీకి వెనుక పైకి లేచే తలుపు లేదు, చిన్న డిక్కీ మాత్రమే ఉండేది. ఆ లోటును ఇసిగోనిస్ తానే పూరించబోయారు. 1960ల చివర 9ఎక్స్ అనే కొత్త నమూనాను తయారుచేశారు. అది మినీకంటే పొట్టిది, లోపల విశాలమైనది, వెనుక తలుపు గలది. 1968లో సంస్థ బ్రిటిష్ లేలండ్‌లో కలిసింది. కొత్త యాజమాన్యం ఆయనను పక్కకు నెట్టి, 9ఎక్స్‌ను అటకెక్కించింది. 1969లో సర్ బిరుదు వచ్చింది గాని చేతిలోని అధికారం అప్పటికే పోయింది. ఆయన పదవీ విరమణ చేసిన 1971లోనే, ఆ రెండు పౌండ్లు మిగులుతాయని మినీ కూపర్‌నూ ఆపివేశారు. అయిదేళ్లకు, 1976లో, ఫోక్స్‌వ్యాగన్ సంస్థ 110 అశ్వశక్తి గల గోల్ఫ్ జీటీఐని అమ్మకానికి తెచ్చింది. అడ్డంగా ఇంజిను, ముందు చక్రాలకు శక్తి, వెనుక తలుపు, పందెపు కారు చురుకు అన్నీ అందులో ఉన్నాయి. హాట్ హ్యాచ్ అనే తరగతికి కీర్తి తెచ్చినది అదే. తరువాత 1984లో ప్యూజో 205 జీటీఐ వచ్చింది.

ఇసిగోనిస్ వివాహం చేసుకోలేదు. 1972లో తల్లి మరణించేవరకు ఆమెతోనే నివసించారు. 1988 అక్టోబరు 2న బర్మింగ్‌హామ్‌లో కాలం చేశారు. మినీ తయారీ 2000 అక్టోబరు వరకు సాగి, మొత్తం 53 లక్షలు దాటింది. ఆ అన్నింటిలోనూ ఇంజిను ఆయన పెట్టించినట్లే అడ్డంగా ఉంది.