మోస్ గారి పది రాళ్లు

మెటీరియల్స్ ల్యాబ్ రికార్డులో ఈయన పేరు నేను తప్పు రాశాను. ఇంగ్లీషులో పేరు చివర ఉన్న ఎస్ ముందు ఒక అపాస్ట్రఫీ పెట్టేశాను. ఎవరో మోహ్ అనే ఆయన ఉన్నారు, ఇది ఆయన స్కేల్ అని నా లెక్క. మా సార్ దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఆయన పేరే మోస్ అని పక్కన రాశారు. చూస్తే క్లాసులో చాలామందిది అదే తప్పు. రెండు మార్కుల కోసం పది రాళ్ల పేర్లు బట్టీ పట్టాం గానీ, ఆ మనిషెవరో మాలో ఎవరికీ తెలీదు. కొంచెం సిగ్గేసి ఆ రాత్రే ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

ఫ్రెడరిక్ మోస్ 1773 జనవరి 29న జర్మనీలో హార్జ్ కొండల దగ్గరున్న గెర్న్‌రోడ్ అనే ఊళ్లో పుట్టారు. హాలె యూనివర్సిటీలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి, తర్వాత ఫ్రైబర్గ్ మైనింగ్ అకాడమీలో చేరారు. అక్కడ పాఠం చెప్పేది అబ్రహాం వెర్నర్. ఖనిజాలను కంటితో చూసి, చేత్తో తాకి గుర్తుపట్టడంలో ఆ రోజుల్లో యూరప్ అంతటా పేరున్న గురువు. చదువయ్యాక మోస్ 1801లో ఒక గనిలో ఫోర్‌మన్‌గా పనిచేశారు.

1802లో ఆయన వియన్నా వెళ్లారు. అక్కడ వాన్ డెర్ నుల్ అనే బ్యాంకరు బోలెడన్ని ఖనిజాలు పోగేసుకున్నారు. వాటికి కేటలాగ్ తయారు చేయడం మోస్ పని. వినడానికి గుమాస్తా ఉద్యోగంలా ఉంటుంది గానీ, అసలు చిక్కు అక్కడే ఉంది. చేతిలో ఉన్న రాయిని ఏ అరలో పెట్టాలి? అందులో ఏముందో కెమిస్ట్రీతో తేల్చాలంటే కొంత ముక్క పొడి చేసి కరిగించాలి. ఒకరు ప్రేమగా దాచుకున్న రాయిని అలా పాడు చేయలేం కదా. మోస్ వేరే దారి పట్టారు. మొక్కల శాస్త్రవేత్తలు ఆకు, పువ్వు చూసి మొక్కను వర్గీకరించినట్టే, రాయిని దాని స్ఫటిక రూపం, గట్టిదనం, సాంద్రత బట్టి వర్గీకరించాలన్నది ఆయన పద్ధతి.

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆర్చ్‌డ్యూక్ యోహాన్ స్థాపించిన యోవానియం మ్యూజియంలో చేరాక, 1812 ప్రాంతంలో ఆయన తన స్కేల్ తయారు చేశారు. అప్పటిదాకా వెర్నర్ పద్ధతిలో రాయి గట్టిది, ఒక మోస్తరు గట్టిది, మెత్తనిది, చాలా మెత్తనిది అని మాటల్లో చెప్పేవారు. నాకు గట్టిగా అనిపించింది మీకు మామూలుగా అనిపించవచ్చు. మోస్ ఆ మాటలు తీసేసి, వాటి చోట పది రాళ్లు పెట్టారు. 1 టాల్క్, అంటే మన బలపం రాయిలో ఉండే ఖనిజం. 2 జిప్సం, 3 కాల్సైట్, 4 ఫ్లోరైట్, 5 అపటైట్, 6 ఆర్థోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్, 7 క్వార్ట్జ్, అంటే పలుగురాయి. 8 పుష్యరాగం, 9 కురువిందం, 10 వజ్రం.

పద్ధతి చాలా తేలిక. ఏది దేని మీద గీత పెడితే అది గట్టిది. తెలియని రాయి అపటైట్ మీద గీత పెట్టి, ఫెల్డ్‌స్పార్‌తో తానే గీత పెట్టించుకుంటే దాని గట్టిదనం 5కీ 6కీ మధ్య. మెషీన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మన గోరు సుమారు 2.5, మామూలు గాజు సుమారు 5.5. ఫోన్ స్క్రీన్‌ని దుమ్ముతోనే తుడిచేస్తే గీతలు ఎందుకు పడతాయో నాకు ఇక్కడే అర్థమైంది. దుమ్ములోని ఇసుక రేణువుల్లో 7వ నంబరు పలుగురాయి ఉంటుంది మరి.

1817లో వెర్నర్ పోయాక, 1818లో ఫ్రైబర్గ్‌లో ఆ గురువు కుర్చీ మోస్‌కే దక్కింది. 1826లో మళ్లీ వియన్నాకి ప్రొఫెసర్‌గా వెళ్లారు. ఆయన శిష్యుడు హైడింగర్ ఆయన పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 1839 సెప్టెంబర్ 29న, ఇటలీ కొండల్లో ప్రయాణంలో ఉండగా, అగోర్డో అనే ఊళ్లో మోస్ చనిపోయారు.

నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. మోస్ తన జీవితమంతా కట్టిన ఆ పెద్ద వర్గీకరణ నిలబడలేదు. అదే కాలంలో స్వీడన్‌లో బెర్జీలియస్ ఖనిజాలను వాటిలోని రసాయనాల బట్టి విడదీశారు. చివరికి నెగ్గింది ఆ దారే. అలాగని మోస్ పూర్తిగా తప్పూ కాదు. వజ్రం, గ్రాఫైట్ రెండూ కార్బనే. ఏముందో ఒక్కటే చూస్తే వాటి తేడా తెలీదు, లోపల పరమాణువులు ఎలా అమరాయో కూడా చూడాలి. అందుకే ఇవాళ రెండూ చూస్తారు. మోస్ కట్టిన భవనం పోయింది, అందులో వాడిన పది రాళ్లు మాత్రం మిగిలాయి.

ఆ పది రాళ్లను కూడా మనం తప్పుగానే చదువుతాం. అవి ర్యాంకులు, మార్కులు కావు. ఆయన చనిపోయిన సరిగ్గా నూరేళ్లకి, 1939లో, నూప్ టెస్ట్ వచ్చింది. సన్నటి వజ్రపు మొనతో నొక్కి, పడిన గుంట కొలిచే పరీక్ష అది. ఆ లెక్కలో కురువిందం సుమారు 2,000 ఉంటే, వజ్రం 7,000 దాటుతుంది. 9కీ 10కీ మధ్య ఒక్క మెట్టే, కానీ దూరం మూడు రెట్ల పైమాటే. 8 నుంచి 9కి అంత దూరం లేదు. ఎవరు ముందో స్కేల్ చెబుతుంది, ఎంత ముందో చెప్పదు. పైగా అది చెప్పేది గీతల సంగతి ఒక్కటే. సుత్తితో కొడితే పదో నంబరు వజ్రం కూడా పగులుతుంది.

ఇది చదువుతుంటే హాస్టల్లో మొదటి రోజు గుర్తొచ్చింది. పేరు కన్నా ముందు ర్యాంకు అడిగారు అందరూ. మా రూమ్మేట్‌ది నాకన్నా పన్నెండు వేలు ముందు. ఆ ఏడాదంతా వాడి ముందు నోరెత్తడానికే నాకు మొహమాటం. ల్యాబ్‌లో వాడికి తెలిసినా అడిగేవాణ్ణి కాదు, నాకు తెలిసినా చెప్పేవాణ్ణి కాదు. మోస్ గురించి చదివాక ఒక రాత్రి ఇద్దరం పాత మార్కులు తీసి చూసుకున్నాం. తేడా నాలుగు మార్కులు. వాడు నవ్వాడు. నాకు మాత్రం ఆ నవ్వు వెంటనే రాలేదు. ఒక ఏడాది పోయింది కదా.

ఈ ఆగస్టులో జూనియర్లు వస్తారు. ముందు పేరు అడుగుదాం. రికార్డులో మోస్ పేరు రాసేటప్పుడు ఆ అపాస్ట్రఫీ పెట్టొద్దని కూడా చెప్పండి.