గౌతమబుద్ధుని చరిత్రము

మహాపురుషుల చరిత్రమును విచారించువారికి సాక్ష్యము లేమివలన కొంత చిక్కు కలుగును. సాక్ష్యము మితిమీఱుటవలన అంతకు మించిన చిక్కు కలుగును. గౌతమబుద్ధుని విషయమున కలుగునది ఈ రెండవ చిక్కు. ఆయన నిర్యాణానంతరము భక్తులు కథపై కథ నల్లిరి. కవులు కావ్యములు రచించిరి. శిల్పులు రాళ్లపై చెక్కిరి. ఆ యలంకారముల చాటున మఱుగుపడిన మనుష్యుని చూడగోరు చదువరులకొఱకు, ప్రాచీనములగు పాలిగ్రంథములయందును శాసనములయందును కానవచ్చు సంగతులను ముందుంచుకొని, ఆయన జీవితమును, ఆయన బోధించిన ధర్మమును, అది పెక్కుశాఖలుగా చీలిన విధమును సంగ్రహముగా తెలుపుచున్నాము.

గౌతముడు హిమవత్పర్వతప్రాంతమున, నేటి నేపాళదేశములోని లుంబినియందు జన్మించెను. అశోకచక్రవర్తి తన పట్టాభిషేకమైన 20 ఏండ్లకు ఆ స్థలమును స్వయముగా దర్శించి, శాక్యముని యిచ్చట పుట్టెనని శిలాస్తంభముపై వ్రాయించి, ఆ గ్రామమునకు పన్ను తగ్గించెను. ఆ శాసనము 1896లో బయల్పడినది. కాలమునుగుఱించి మాత్రము పండితులలో నేకాభిప్రాయము లేదు. ఆయన క్రీ.పూ. 563 మొదలు 483 వఱకు జీవించెనని తొల్లి పెక్కురు వ్రాసిరి; నిర్యాణము క్రీ.పూ. 400 ప్రాంతమున జరిగెనని ఇటీవలివారిలో పలువురు తలచుచున్నారు. తల్లి మాయాదేవి ప్రసవమైన ఏడవనాటనే గతింపగా, ఆమె చెల్లెలగు మహాప్రజాపతి గౌతమి శిశువును పెంచెను. తండ్రియగు శుద్ధోదనుని కావ్యములు మహారాజుగా వర్ణించును గాని, శాక్యులు కోసలరాజునకు లోబడి, సభగా కూడి తమ కార్యములను తామే నిర్ణయించుకొను చిన్న క్షత్రియగణము. శుద్ధోదనుడు వారిలో ప్రముఖుడని చెప్పుట యుక్తము.

వృద్ధుని, రోగిని, శవమును, సన్న్యాసిని చూచి, అర్ధరాత్రమున నిద్రించుచున్న భార్యను, బిడ్డను విడిచి ఆయన వెడలిపోయిన కథ మన పిల్లలకు సైతము తెలియును. కాని ప్రాచీనసూత్రములలో నొకదానియందు, తల్లిదండ్రులు కన్నీరు కార్చుచు చూచుచుండగనే ఆయన తలవెండ్రుకలు తీసివేసి కాషాయము ధరించెనని యున్నది. వార్ధక్యము, వ్యాధి, మరణము తనకును తప్పవను విచారము లోలోపలనే పెరిగినదని మఱియొకచో నున్నది. ఈ రెండు వృత్తాంతములలో దేనికి విలువ నీయవలెనని మమ్మడిగినచో, అలంకారము తక్కువయై బాధ యెక్కువయైనదానికే ఈయవలెనందుము. ఎవరును చూడకుండ వెడలుట సులభము. ఏడ్చుచున్న తల్లిదండ్రుల యెదుట వెడలుట కఠినము. అప్పటికాయన వయస్సు 29 ఏండ్లు.

ఆళారకాలాముడు, ఉద్దకరామపుత్రుడు అను నిరువురు గురువులు తాము నేర్చిన ధ్యానమంతయు నాయనకు నేర్పి, శిష్యగణమును కూడ నప్పగింపజూపిరి. ఆయన యంగీకరింపలేదు. తరువాత అన్నపానములు మాని, ఎముకలగూడై పడిపోవువఱకు శరీరమును శోషింపజేసి, దానివలన జ్ఞానము కలుగదని తెలిసికొని మఱల భుజించెను. తోడి తాపసులైదుగురు ఆయనను భ్రష్టునిగా నెంచి విడిచిపోయిరి. ఆఱేండ్ల యీ ప్రయాసమున కంత్యమున, గయకు సమీపమున నొక రావిచెట్టుక్రింద, తన 35వ యేట ఆయన బోధి నందెను. తనను విడిచిపోయిన యైదుగురనే వెదకికొనుచు కాశీసమీపమునందలి సారనాథమునకు పోయి, వారికే తొలియుపదేశము చేసెను.

ఆ యుపదేశము వైద్యుని తీరున నున్నది. జీవితమున దుఃఖము కలదు. దానికి తృష్ణ కారణము. కారణము నశించిన దుఃఖము నశించును. అట్లు నశించుటకు మార్గము కలదు. ఈ నాల్గును ఆర్యసత్యములు. సమ్యగ్దృష్టి, సంకల్పము, వాక్కు, కర్మ, జీవనము, ప్రయత్నము, స్మృతి, సమాధి యను అష్టాంగములు ఆ మార్గము. భోగమునకును శరీరపీడనమునకును నడుమ నుండుటచే దీనికి మధ్యమమార్గమని పేరు. సమస్తమును కారణములవలన కలిగి, కారణములు తొలగగానే తొలగును. నిత్యమైన ఆత్మ యనదగినది విచారించినకొలది దొరకదు. కర్మయనగా చేష్టమాత్రము కాదు, సంకల్పమే కర్మ. లోకము శాశ్వతమా, అశాశ్వతమా యని యడిగినవారికాయన ప్రత్యుత్తర మీయలేదు. విషబాణము తగిలినవాడు బాణము వేసినవాని కులగోత్రములు తెలిసినగాని చికిత్స చేయించుకొననన్నచో, తెలియకమునుపే మరణించునని మాత్రము బోధించెను. ఈశ్వరవిషయమున ఆయన మార్గము మనకు సమ్మతము కాకపోవచ్చును. ఆయన నిష్కాపట్యమును మాత్రము శంకింపజాలము.

తరువాతి 45 ఏండ్లును ఆయన మగధకోసలములయందు కాలినడకను సంచరించెను. శ్రావస్తియందు అనాథపిండికుడను శ్రేష్ఠి, సంఘమునకొఱకు జేతరాకుమారుని తోటను కొనగోరెను. నేలనెల్ల నాణెములతో కప్పినను ఈయనని రాకుమారుడు చెప్పగా, వెల పలికినందున విక్రయము సిద్ధించినదని శ్రేష్ఠి వాదించెను. న్యాయాధికారులు విచారించి శ్రేష్ఠిపక్షముననే తీర్పు చెప్పిరని వినయపిటకము తెలుపుచున్నది. వినయమున నిట్టి వ్యవహారములు పెక్కులు గలవు. కుమారుడగు రాహులునికి తాతయనుమతి లేకయే ప్రవ్రజ్య యీయబడగా, వృద్ధుడగు శుద్ధోదనుడు తన వేదనను విన్నవించెను. అంతట తల్లిదండ్రుల సమ్మతి లేనిదే బాలురను చేర్చుకొనరాదని బుద్ధుడు నియమించెను. తన కుటుంబమునకు కలిగిన నొప్పిని పరులయిండ్లకు కలుగకుండ శాసనముగా మార్చుట గొప్పసంగతి.

కులవిషయమున ఆయన చెప్పినదానికంటె చేసినది ముఖ్యము. శాక్యకుమారులు సంఘమున చేరవచ్చినప్పుడు, వారి మంగలియగు ఉపాలికి ముందుగా ప్రవ్రజ్య యిచ్చి, కుమారులచే వానికి నమస్కారము చేయించెను. పాకీపని చేసికొను సునీతుని చేర్చుకొనెను. అతిసారముచే మలమూత్రములలో పడియున్న భిక్షువును తోడివారు విడిచిపెట్టగా, ఆనందుని సాయముతో తానే కడిగి శయ్యపై పరుండబెట్టెను. అయినను కొఱతలను దాచుట చరిత్రకారుని ధర్మము గాదు. దాసులను, ఋణస్థులను, రాజభటులను సంఘమున చేర్పరాదని నియమము లేర్పడెను. ప్రవ్రజ్య కోరిన మహాప్రజాపతిని ఆయన మూడుమాఱులు నిరాకరించెను. ఆమె జుట్టు తీసివేసి, వాచిన కాళ్లతో వైశాలికి నడచివచ్చి వాకిట నిలువగా, ఆనందుడు ఆమెపక్షమున వాదించెను. స్త్రీయు నిర్వాణము పొందజాలునని ఒప్పుకొనినపిమ్మట ద్వారము తెఱవక తప్పలేదు. కాని నూఱేండ్లుగా భిక్షుణియైనదియు నాడు చేరిన భిక్షువునకు మ్రొక్కవలెనను నియమము మొదలుగా ఎనిమిది నిబంధనలు విధింపబడినవని గ్రంథములు చెప్పుచున్నవి. ఆ ద్వారముననే ప్రవేశించిన స్త్రీల గీతములు థేరీగాథ యను పేర నేటికిని నిలిచియున్నవి.

80 ఏండ్ల వయస్సున, చుందుడను కమ్మరి పెట్టిన భోజనమువలన ఆయనకు వ్యాధి ప్రబలెను. చుందుని నెవరును నిందింపకుండవలెనని ఆనందునికి చెప్పి, కుశీనగరమున సాలవృక్షముల నడుమ పరుండి దేహము విడిచెను. తన వెనుక గురువును నియమింపలేదు, ధర్మవినయములే గురువనెను. చిల్లర నియమములను సంఘము కోరినయెడల విడువవచ్చునని కూడ చెప్పెను. అవి యేవో ఆనందుడు అడుగ మఱచెను! రాజగృహమున కూడిన మొదటి సంగీతియందు ఈ సందేహము తీరక, నియమములన్నిటిని అట్లే నిలుపుకొనిరి. సంప్రదాయానుసారముగా నూఱేండ్లకు వైశాలియందు, వజ్జిభిక్షువులు నీళ్లపాత్రలో గృహస్థులచేత నాణెములు వేయించుకొనుట చూచి యశుడను భిక్షువు అభ్యంతరము చెప్పెను. 700 మంది కూడి పది యాచారములను అక్రమములని త్రోసివేసిరి. ఇంచుమించుగ నాకాలముననే సంఘము స్థవిరులు, మహాసాంఘికులు అని చీలెను; కారణమును ఒక్కొక్క శాఖ యొక్కొక్కరీతిని చెప్పుచున్నది.

స్థవిరవాదము, అశోకుని కుమారుడని చెప్పబడు మహేంద్రునివలన సింహళమున నాటుకొని, క్రీ.పూ. మొదటి శతాబ్దమున పాలిపిటకములుగా వ్రాయబడి, బర్మా, సయాము దేశములకు వ్యాపించినది. క్రీస్తుశకారంభప్రాంతమున తలయెత్తిన మహాయానము, తన ముక్తితో తృప్తినొందక సర్వప్రాణుల ముక్తికై పాటుపడు బోధిసత్త్వుని ఆదర్శముగా గైకొని, చీనా, కొరియా, జపానులకు పోయెను. మంత్రతంత్రములను చేర్చుకొనిన వజ్రయానము టిబెట్టున స్థిరపడెను. ఈ చరిత్రమున మన కృష్ణాతీరమునకు గొప్ప భాగము గలదు. భట్టిప్రోలున 1892లో ధాతుమంజూషికలు దొరకినవి. పూర్వశైల, అపరశైలాది మహాసాంఘికశాఖలను పాలివ్యాఖ్యాతలు అంధకులనియే పిలిచిరి. శూన్యవాదమును స్థాపించిన ఆచార్యనాగార్జునుడు శాతవాహనరాజునకు మిత్రుడని ప్రతీతి. అమరావతీశిల్పములలో పెక్కులు నేడు చెన్నపట్టణమునను లండనునందును ఉన్నవి.

పుట్టినదేశమున ఈ ధర్మము శతాబ్దములకొలది క్షీణించెను. విహారములు రాజాశ్రయముపై నాధారపడి గృహస్థుల యిండ్లకు దూరమగుట యొక కారణము. తురుష్కుల దండయాత్రలచే నలందాదులు నశించుట మఱియొక కారణము. 1956 అక్టోబరు 14వ తేదీన నాగపురమున డాక్టరు అంబేడ్కరు లక్షలకొలది జనముతో బౌద్ధము స్వీకరించినపుడు, ఆ జనము ముందుగా నెఱిగినది శూన్యవాదమును గాదు. ఉపాలిని ముందు నిలిపిన బుద్ధునినే. చదువరులారా, శాఖలన్నిటి గ్రంథములను మనము చదువవచ్చును, పెక్కింటిని మెచ్చవచ్చును. కాని మన యింట పనిచేయువానికి మన కుమారులు ముందుగా నమస్కరింపవలసిన దినము వచ్చిన, మనమేమి చేయుదుమో, అదియే ఆయన చరిత్రమును మనమెంతవఱకు గ్రహించితిమో తెలుపును.