హజ్రత్ తాజుద్దీన్ బాబా (ర.అ.)

మన విజయనగరంలో బాబామెట్ట తెలియనివారు లేరు. అక్కడ విశ్రమించిన హజ్రత్ ఖాదర్ వలీ బాబా వారి మురిషిద్ నాగపూర్ తాజుద్దీన్ బాబా వారని పెద్దలకు తెలుసు. పిల్లలకు ఆయన జీవితం అంతగా తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బాబా వారు 1861లో నాగపూర్ దగ్గర కాంప్టీలో పుట్టారు. మన కంటోన్మెంటులాగే అదీ మద్రాసు పటాలాలుండిన ఊరు. పసితనంలోనే తల్లిదండ్రులు పోతే అమ్మమ్మ గారింట పెరిగారు. మదర్సాలో చదువుకుని, సుమారు ఇరవై ఏళ్ళ ప్రాయంలో సిపాయిగా చేరారు.

పటాలంతోపాటు సాగర్ వెళ్ళాక జీవితం మారిపోయింది. పగలు కవాతు, రాత్రి హజ్రత్ దావూద్ మక్కీ వారి మజార్ వద్ద జిక్ర్. లోపల ఒక వెలుగు కనబడ్డాక ఆ నౌకరీ ఇక ఆయనను పట్టి ఉంచలేకపోయింది. రాజీనామా ఇచ్చి వచ్చేశారు.

ఇక లోకులు ఊరుకుంటారా? చేతికందిన జీతం వదులుకున్నవాడు పిచ్చివాడేనన్నారు. కాంప్టీ వీధుల్లో కుర్రాళ్ళు రాళ్ళు రువ్వేవారు. 1892లో ఒంటిమీద బట్ట లేకుండా తెల్లదొరల క్లబ్బు వైపు వెళ్ళారని నాగపూర్ పిచ్చాసుపత్రిలో పెట్టారు. పదహారేళ్ళు అక్కడే ఉన్నారు. విచిత్రమేమిటంటే, కష్టాల్లో ఉన్న జనం దువా కోసం ఆ ఆసుపత్రికే వెళ్ళేవారు. చివరకు 1908లో రాజా రఘూజీరావు భోంస్లే పూచీపడి విడిపించి, తన మహల్లోనే ఉంచుకున్నారు. ఆయన హిందువు, వీరు ముస్లిం. ఆ లెక్క ఇద్దరికీ పట్టలేదు. 1925 ఆగస్టు 17న బాబా వారు పర్దా చేశారు. నాగపూర్ తాజాబాద్‌లో వారి దర్గా ఉంది.

ఇందులో మనకు పాఠమేమిటి? బాబా వారిని ఆసుపత్రిలో పెట్టినవారు దుర్మార్గులని మేము అనుకోము. బట్టలు, నౌకరీ, పరువు అన్న మూడు కొలతలే వారికి చిన్ననాటినుంచీ నేర్పారు. ఆ కొలతల్లో ఇమడని మనిషిని చూడడం వారికి రాలేదు. అవే కొలతలు నేడు మన ఇళ్ళల్లోనూ ఉన్నాయి. పెళ్ళిచూపుల్లో, ఫకీరు గుమ్మంలోకి వచ్చినప్పుడు, మార్కులు తక్కువొచ్చిన పిల్లవాణ్ణి కసిరేటప్పుడు అవి బయటపడుతుంటాయి. పాఠం అప్పజెప్పించుకునే మా ఉపాధ్యాయులకూ ఇది వర్తిస్తుంది. కంఠతా పట్టించినది జ్ఞానం కాదు. కళ్ళు తెరుచుకోవడం వేరు.

మెట్టమీద ఫాతిహా చదివేటప్పుడు ఆ పదహారేళ్ళనూ ఒకసారి తలచుకుందాం. మనుషులను చూడగల చూపును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.