రాజా దీన్ దయాళ్

మన ఉప్పలు, నాచారములకు సికింద్రాబాదు దూరము గాదు. కచ్చేరి యుద్యోగమును విడిచి, చేతిపనిని నమ్ముకొని, ఆ పట్టణమున కీర్తి గడించిన మహనీయుడు రాజా దీన్ దయాళ్. ఆయన చరిత్రము విద్యార్థు లెల్లరు నెరుంగదగినది.

ఈయన 1844వ సంవత్సరమున మీరట్టునకు సమీపమందలి సర్ధానాలో, నగల వ్యాపారముచేయు జైనకుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరునందు మరామతుశాఖ కచ్చేరిలో అంచనాలు కట్టుటకును, పటములు గీయుటకును ప్రధానోద్యోగిగా చేరెను. నెలజీతమునకు లోటులేని కొలువది.

1874 ప్రాంతమున ఆయన మనస్సు ఫొటోగ్రాఫుల పనిపై మరలెను. ఆ పని యానాడు సులభము గాదు. గాజుపలకపై కలోడియను ద్రవమును సమముగా పోసి, చీకటిలో వెండిలవణము కలిపిన నీట ముంచి, తడియారక మునుపే కెమెరాలో నుంచి బొమ్మ పట్టి, వెంటనే కడుగవలెను. జాగుచేసిన పలక చెడును. ఆ లవణము సోకిన వ్రేళ్లు నల్లబడును. కలము పట్టిన యుద్యోగి యా మరకలకు వెనుదీయలేదు.

ఇండోరు మహారాజు తుకోజీరావుగారు ఆయనను ప్రోత్సహించిరి. పిమ్మట దీన్ దయాళ్ సెలవు పుచ్చుకొని, సర్ లెపెల్ గ్రిఫిన్ దొరతో మధ్యభారతమున సంచరించి, ప్రాచీన కట్టడముల బొమ్మలు తీసెను. రెండు పడవలపై కాళ్లుంచుట తగదని తలచెనో యేమో, నలువదేండ్ల ప్రాయమున ఉద్యోగమునే వదలుకొనెను. సంసారి కది చిన్న సాహసము గాదు.

అనంతరము సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభువునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. పటములు గీసిన కన్ను ఫలక్‌నుమా వంటి సౌధముల చిత్రించుటలో అక్కరకు వచ్చెను. 1892లో ఘోషాస్త్రీలకై, స్త్రీయే నడుపునట్లు, వేరొక స్టూడియో తెరచెను. 1894లో నిజాము ప్రభువు ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదము నొసగెను. 1896లో బొంబాయిలోను స్టూడియో పెట్టెను. 1905లో కాలధర్మము నొందెను.

ఇండోరు కచ్చేరిలో ఆయన కట్టిన అంచనాల నిప్పు డెవరడుగుదురు? ఆయన గాజుపలకలు మాత్రము 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

సోదరులారా! చదువుకొన్నవాడు చేతిపని చేసిన చదువు వ్యర్థమగునని కొందరందురు. దీన్ దయాళ్ చదువు ఆయన చేతిలోనే ఫలించెను. మన ప్రభువును నజరేతున వడ్రంగిపని చేసినవాడే గదా! మరక పడిన చేతిని చూచి యెవ్వరిని చులకన సేయకుందము.