ఫిడేలు నాయుడుగారు

మీ ఇల్లు బాగ్‌బేరాలో ఉందనుకుందాం. టాటానగర్ రైలు స్టేషను పక్కనే కదా ఆ ఊరు! అక్కడి నుంచి విజయనగరానికి రైలు మార్గం ఉంది. ఉక్కు కర్మాగారంలోనో, రైల్వేలోనో పని కోసం ఎన్నో తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూరు చేరాయి. వాటిలో చాలావాటికి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలే సొంత ఊళ్ళు. ఈ పాఠంలో మీరు తెలుసుకోబోయే వ్యక్తి పేరు ఆ ప్రాంతపు పెద్దల నోట మీరు విని ఉండవచ్చు. ఆయన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు.

మీలో చాలామంది ఏదో ఒక కారణంతో బడి మానినవారే. నాయుడుగారి బడి చదువు కూడా మధ్యలోనే ఆగిపోయింది. ఆయన 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. ఆ తరువాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. పిల్లవాడికి కంటిచూపు బాగా తక్కువ. బడిలో చదువంతా చూపు మీదే నడుస్తుంది. బల్ల మీద రాసింది చూడాలి, పుస్తకంలో ఉన్నది చదవాలి. ఆ చదువు అతనికి సాగలేదు.

ఇంట్లో అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయించేవారు. తమ్ముడికి ఆయనే మొదటి గురువు. చూపు సరిగాలేని పిల్లవాడికి ఫిడేలు ఎలా వస్తుందని మీకు సందేహం కలగవచ్చు. కొంచెం ఆలోచించండి. మీరు హార్మోనియం చూసే ఉంటారు. పియానో కూడా అలాంటిదే. ఏ స్వరం ఏ మెట్టులో ఉందో ముందే ఏర్పాటై ఉంటుంది. చిన్నపిల్ల వచ్చి మెట్టు నొక్కినా సరైన స్వరమే పలుకుతుంది. వీణకు కూడా మెట్లు ఉంటాయి. ఫిడేలుకు అవి లేవు. నాలుగు తీగలు, కింద నున్నటి చెక్క, అంతే. వేలు ఎక్కడ పెట్టాలో తెలిపే గుర్తు ఏదీ ఉండదు. వేలు ఏ కొంచెం జరిగినా అపస్వరం వస్తుంది. అది సరిగా ఉందో లేదో చెప్పవలసింది చెవి మాత్రమే. కళ్ళు బాగా కనిపించే పిల్లలు కూడా ఇక్కడ చెవినే నమ్ముకోవాలి.

పసివారికి ఫిడేలు నేర్పే తీరు గమనిస్తే ఈ సంగతి మీకు బాగా బోధపడుతుంది. పిల్లవాడిని ముందు బాసిపట్టు వేయించి కూర్చోబెడతారు. ఫిడేలు తలభాగాన్ని కుడి మడమ దగ్గర ఆనిస్తారు. ఐరోపావారు దీనిని గడ్డం కింద పట్టుకుంటారు. మనవారు కింద కూర్చుని వాయిస్తారు కాబట్టి ఎడమచెయ్యి తీగ మీద హాయిగా జారుతుంది, గమకం పలుకుతుంది. మొదట్లో కుడిచేత్తో కమాను తిన్నగా లాగడమే పెద్ద పని. తరువాత మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు మొదలవుతాయి. గురువు వాయిస్తారు, పిల్లవాడు విని తాను వాయిస్తాడు. తప్పు వస్తే గురువు మళ్ళీ వాయిస్తారు. నెలల తరబడి ఇదే పని. పక్కన కూర్చుని వినేవారికి విసుగు పుట్టడం సహజం. మొదటి రోజుల్లో ఫిడేలు చేసే చప్పుడు అంత ఇంపుగా ఉండదు మరి!

నాయుడుగారు ఇలా ఇంట్లోనే ఎన్నో ఏళ్ళు సాధన చేశారు. ఆయన చేతిలో బడి యోగ్యతా పత్రం ఏదీ లేదు.

1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతిగారు ఒక సంగీత కళాశాల స్థాపించారు. దాని పుట్టుక గురించి ఒక సంగతి చెబుతారు. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావుగారి అబ్బాయికి చూపు లేదట. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనే కళాశాలకు దారి తీసిందట. హరికథకు పేరుపొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు.

నాయుడుగారు ఆ కళాశాలలో విద్యార్థిగా చేరుదామని వెళ్ళారు. అప్పుడు ఆయనకు 26వ ఏడు. చిన్నపిల్లల పక్కన కూర్చుని చదవడానికి ఆ వయసులో వెళ్ళడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడివారు ఆయన వాయిద్యం విన్నారు. విద్యార్థిగా కాక, ఫిడేలు ఆచార్యులుగా నియమించారు! ఈ ఘట్టాన్ని చాలామంది వింతగా చెప్పుకుంటారు. నన్నడిగితే ఇందులో వింత లేదు. అన్నగారి దగ్గర కూర్చున్న ఏళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే.

1936లో నారాయణదాసుగారి తరువాత ఆయనే కళాశాల అధ్యక్షులయ్యారు. ఆ రోజుల్లో ఫిడేలు ఎక్కువగా పాటకు పక్కవాద్యం. ఫిడేలు ఒక్కటే ప్రధానంగా కచేరీ చేయవచ్చని నాయుడుగారు చూపించారు. 1938లో వెల్లూరులో అలాంటి కచేరీ ఇచ్చారు. ఆయన కమాను నడకలోని నిండుదనాన్ని, నాదంలోని తీపిని విన్నవారు ప్రత్యేకంగా చెప్పుకునేవారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధుడైన వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మన దేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదన విని ఎంతో మెచ్చుకున్నారు. 1957లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

ఆయన 1964 నవంబరులో కన్నుమూశారు. కుమార్తె మంగతాయారుగారు కూడా ఫిడేలు విద్వాంసురాలయ్యారు. 1993లో, ఆయన పుట్టి నూరేళ్ళు నిండిన సందర్భంగా, తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వెలువరించింది. విశాఖపట్నంలో ఆయన పేరుతో ఒక కళాక్షేత్రం ఉంది. ఈసారి సొంత ఊరు వెళ్ళేటప్పుడు విజయనగరంలో దిగితే, ఆయన విద్యార్థిగా చేరబోయి గురువైన కళాశాలను కూడా మీరు చూడవచ్చు.