అంకితం వెంకట నర్సింగరావు

అంకితం వెంకట నర్సింగరావు (1827 - 1892) విశాఖపట్నానికి చెందిన ఖగోళ పరిశీలకుడు. మామగారైన గోడే వెంకట జగ్గారావు స్థాపించిన సొంత వేధశాలను ఆయన మరణానంతరం సుమారు 36 సంవత్సరాల పాటు నిర్వహించాడు. ప్రభుత్వ శాఖకుగానీ విశ్వవిద్యాలయానికిగానీ చెందకుండానే, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ, రాయల్ జాగ్రఫికల్ సొసైటీలలో ఫెలోగా గుర్తింపు పొందాడు. విశాఖపట్నంలోని శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాల పేరులోని మూడక్షరాలు ఈయన పేరులోనివే.

జగ్గారావు వేధశాల

గోడే వెంకట జగ్గారావు (1817 - 1856) సంపన్న జమీందారీ కుటుంబంలో జన్మించాడు. గణితంపైనా, ఖగోళ శాస్త్రంపైనా మక్కువతో మద్రాసు వెళ్ళి, అక్కడి వేధశాల అధిపతి థామస్ గ్లాన్‌విల్ టేలర్ వద్ద కొంతకాలం శిష్యరికం చేశాడు. టేలర్ 11 వేలకు పైగా నక్షత్రాల స్థానాలను గణించి పట్టికగా ప్రకటించిన శాస్త్రవేత్త. జగ్గారావు విశాఖపట్నానికి తిరిగివచ్చి, 1840లో డాబా గార్డెన్స్‌లోని తన నివాసంలో వేధశాలను నెలకొల్పాడు. తర్వాత పదహారేళ్ళకే, 39వ ఏట మరణించాడు.

ఒక వ్యక్తి ఆసక్తితో పుట్టిన ఇటువంటి సంస్థలు ఆ వ్యక్తితోనే ముగియడం సాధారణం. జగ్గారావు వేధశాల అలా ముగియలేదు. ఆయన కుమార్తె అచ్చయ్యమ్మను వివాహమాడిన నర్సింగరావు దాని బాధ్యతను స్వీకరించాడు.

సంస్థల అండ లేని కృషి

మద్రాసు వేధశాలకు ఈస్టిండియా కంపెనీ, తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం నిధులు సమకూర్చాయి. విశాఖపట్నం వేధశాలకు కుటుంబ ఆదాయమే ఆధారం. కటకాలు, గడియారాలు ఇంగ్లాండు నుండి ఓడలో రావలసిందే. విశాఖపట్నాన్ని మద్రాసుతో కలిపే రైలు మార్గం నర్సింగరావు జీవితకాలంలో పూర్తికాలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయన మరణించిన 34 సంవత్సరాలకు, అనగా 1926లో ఏర్పడింది. ఇటువంటి పరిస్థితులలోనే నర్సింగరావు వేధశాలను విస్తరించి, 6 అంగుళాల కటకం గల దూరదర్శినిని సమకూర్చుకున్నాడు.

వేధశాల పనిలో ముఖ్యమైనది కాలనిర్ణయం. స్థానం కచ్చితంగా తెలిసిన నక్షత్రం ఆకాశపు మధ్యరేఖను దాటే క్షణాన్ని గమనించి, గడియారం ఎన్ని సెకన్లు ముందుందో, వెనుకబడిందో లెక్కిస్తారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రులలో దీనిని మళ్ళీ మళ్ళీ చేయవలసి ఉంటుంది. ఈ పని మానివేస్తే, అరుదుగా వచ్చే గ్రహణాన్ని గమనించినా దాని సమయాన్ని నమ్మడానికి వీలుండదు. దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం లేని ఆ రోజులలో, రేవు పట్టణంలో సరియైన సమయం తెలియడం ఓడలవారికి కూడా అవసరమే.

వర్షపాతం, ఉష్ణోగ్రత వంటి వాతావరణ వివరాలను నమోదు చేయడం కూడా ఈ వేధశాల చేసిన పనులలో ఒకటి.

గ్రహణ పరిశీలనలు

1868 ఆగష్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు ప్రాంతాన్ని ప్రపంచ శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చింది. ఫ్రాన్సుకు చెందిన జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలోను దీనిని పరిశీలించారు. తర్వాతి కాలంలో హీలియంగా గుర్తించబడిన మూలకానికి సంబంధించిన పసుపు రేఖ ఈ గ్రహణ సందర్భంగా శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. సంపూర్ణ గ్రహణ మార్గానికి విశాఖపట్నం ఉత్తరంగా ఉండిపోవడం వలన అక్కడ పాక్షిక గ్రహణమే కనిపించింది. అయినా నర్సింగరావు దానిని శ్రద్ధగా పరిశీలించాడు. అదే సంవత్సరం నవంబరు 5న బుధగ్రహం సూర్యబింబం మీదుగా సాగడాన్ని కూడా గమనించాడు.

1874 నాటి శుక్ర సంక్రమణం

నర్సింగరావు పరిశీలనలలో ప్రముఖమైనది 1874 డిసెంబరు 9 నాటిది. ఆ రోజు ఉదయం నుండి మధ్యాహ్నం వరకు శుక్రగ్రహం చిన్న నల్లని చుక్కవలె సూర్యబింబాన్ని దాటింది. అంతకుముందు ఇటువంటి సంఘటన 1769లో జరిగింది. 1882 తర్వాత మళ్ళీ 2004 వరకు జరగలేదు. భూమిపై దూరదూరంగా ఉన్న ప్రదేశాల నుండి శుక్రుడు సూర్యబింబంలోకి ప్రవేశించిన, వెడలిన క్షణాలను పోల్చి, భూమికి సూర్యునికి మధ్య గల దూరాన్ని లెక్కించవచ్చు. ఇందుకోసం బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, రష్యా, అమెరికా ప్రభుత్వాలు విశేషంగా ధనం వెచ్చించి బృందాలను పంపాయి. విశాఖపట్నంలో మాత్రం నర్సింగరావు తన సొంత వేధశాల నుండే ఈ సంఘటనను పరిశీలించాడు. ఆయన నివేదిక రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది.

ఇటువంటి గణనకు వేర్వేరు చోట్ల తీసుకున్న కొలతలు అవసరం. పరిశీలకుడు ఒంటరివాడైనా, సమయాన్నీ స్థలాన్నీ సరిగా నమోదు చేస్తే, ఆ కొలత ప్రపంచవ్యాప్తమైన ఒక లెక్కలో భాగమౌతుంది. నర్సింగరావు కృషికి గల విలువ ఇదే.

మరణానంతరం

నర్సింగరావు 1892లో మరణించాడు. తండ్రి నిర్మించి, భర్త పోషించిన వేధశాల నిలవాలని అచ్చయ్యమ్మ 1894లో దానిని మద్రాసు ప్రభుత్వానికి అప్పగించింది. వేధశాల వాతావరణ ఫలితాలు ఆ తర్వాత కూడా ప్రచురితమయ్యాయి. అయితే కాలక్రమంలో వేధశాల మూతపడింది. డాబా గార్డెన్స్ అనే పేరు మాత్రం విశాఖపట్నంలో ఒక పేటకు మిగిలింది.

1860లో పాఠశాలగా మొదలైన విద్యాసంస్థ, అచ్చయ్యమ్మ ఇచ్చిన విరాళం వలన శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాలగా పేరు పొందింది. తర్వాతి కాలంలో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన సి.వి. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఇక్కడ అధ్యాపకుడిగా పనిచేశాడు. రామన్ విద్యాభ్యాసంలో కొంత భాగం కూడా ఈ కళాశాలలోనే సాగింది.