‘తర్వాత చేయిద్దాంలే’ అనుకున్న తండ్రి

‘బాబుకి జలుబుగా ఉంది, టీకా వచ్చే నెల వేయిద్దాంలే’ అని మీరెప్పుడైనా అనుకున్నారా? అయితే మెరుపులో ఉన్నది విద్యుత్తేనని చాటిన బెంజమిన్‌ ఫ్రాంక్లిన్‌ కథ మీరు తెలుసుకోవాల్సిందే.

ఫిలడెల్ఫియాలో పత్రిక నడిపే ఫ్రాంక్లిన్‌కు నాలుగేళ్ల కొడుకు ఫ్రాన్సిస్‌ అంటే ప్రాణం. అప్పటికింకా టీకాలు లేవు. మశూచి పొక్కులోని రసిని ఆరోగ్యంగా ఉన్నవారి చర్మంపై గాటు పెట్టి ఎక్కించేవారు. అందులోనూ ముప్పు లేకపోలేదు. కానీ మశూచి సోకితే ఉండే ప్రాణాపాయంతో పోలిస్తే అది చాలా తక్కువ. ఫ్రాంక్లిన్‌కు ఆ పద్ధతిపై నమ్మకముంది. అయితే బాబు విరేచనాలతో నీరసించడంతో, కోలుకున్నాక చేయిద్దామని ఆగారు. ఈలోగా మశూచి సోకి 1736 నవంబరులో ఫ్రాన్సిస్‌ కన్నుమూశాడు.

రసి ఎక్కించడం వల్లే బాబు పోయాడని ఊళ్లో పుకారు లేచింది. అది నమ్మి మిగతా తల్లిదండ్రులు వెనకడుగు వేయకూడదని, ఆయన దుఃఖాన్ని దిగమింగుకుని అసలు సంగతి తన పత్రికలోనే అచ్చువేశారు. ఆ పద్ధతిని వివరిస్తూ లండన్‌ వైద్యుడు విలియం హెబర్డెన్‌ రాసిన చిన్న పుస్తకానికి 1759లో ముందుమాట రాశారు. దాన్ని జనానికి ఉచితంగా పంచారు. చేయించకపోయినా బాధ తప్పకపోవచ్చని, అందుకే ముప్పు తక్కువున్న దారి ఎంచుకోవాలని వృద్ధాప్యంలో ఆత్మకథలోనూ చెప్పుకొన్నారు.

నేటి టీకాలు ఆనాటి పద్ధతికన్నా ఎంతో సురక్షితం. మామూలు జలుబుకు టీకా ఆపక్కర్లేదు. సందేహముంటే డాక్టరునే అడగండి. మీ బిడ్డకు వేయించే టీకా, ఇంకా ఆ వయసు రాని పక్కింటి పసికందుకూ రక్షే. ఈరోజే టీకాల కార్డు తీసి చూడండి.